హిస్సా

రాత్రే దింపాల్సింది.
ఫ్రీజర్ల నుంచి కింది అరలకు,
అంచున్న పళ్లెంల పెట్టి,
పాలగిన్నెకు, కొత్తిమీర కట్టకు దూరంగా.
అంతే పని. మరిచిపోయిన.
ఇప్పుడు ఐదు దాటింది.
ఎనిమిదింటికి నసీమాపా వస్తది.

చెయ్యి పెడితే మంచు
వేళ్లను పట్టుకొని ఒక పట్టాన ఒదల్లే.
చింతచిగురు డబ్బ, సీతాఫలం గుజ్జు,
వాటెనక గోడకు అతుక్కొని
కిలోకు తక్కువ మాంసం, బండరాయోలె.
కవర్ మీద ఆమె బిడ్డ రాత:
అండాలాంటీ ఇంటికి.

ఈద్ నాడు మూడు పాళ్లు పెడితే
మా ఇల్లు సుట్టాల పాలుల పడుతది.
పదకొండేండ్ల సంది అంతే.
ఆ తర్వాత నెలకే బిల్డింగ్ అమ్ముడుపోయింది.
వారాసిగూడల మా నెత్తి మీద ఇప్పుడు
సిమెంటు సంచులుంటున్నయి.
ఆమె టోలిచౌకిల.

"పొయ్యి పక్కన పెట్టరాదు," అంటడు మల్సూర్,
"మా అమ్మ గట్లనే పెడుతుండె, ఎవలు సచ్చిండ్రు?"
మీ అమ్మకు ఫ్రిజ్ యాడిది?
పొద్దున కోసిన యాట
పగటీలికి కూరాయె.
"పోనీ వేడినీళ్లు పొయ్యి."
పోస్తె పైన ఉడికినట్టయితది, నడుమ రాయి.
రాయికి, ఉడుకుకు మధ్యల ఆ గోరువెచ్చ ఉన్నది సూడు,
అక్కడ కూసుంటయి కంటికానని పురుగులు.
ల్యాబుల పొద్దంత నేను సూసేది వాటినే:
గాజు పళ్లెంల ఒక్క చుక్క,
తెల్లారేసరికి బస్తీ.
పట్టా అడగయి, పర్మిషన్ అడగయి.

బకెట్ నిండ చల్లటి నీళ్లు.
కవర్ మీద ఇంకో కవర్, గాలి తీసి బిగ్గర ముడి.
మునుగుతలేదు,
రోలుబండ ఎత్తిన మీద.
అరగంటకోసారి నీళ్లు మార్చాలె.
మంజీర నీళ్లు దినం తప్పి దినం.
"మాంసానికి మూడు స్నానాలు," గొణుగుతడు మల్సూర్,
"మనిషికి ఒక్కటి దొర్కుతలేదు."

మొదటి నీళ్లకు నా చెయ్యే గడ్డకట్టింది.
ఎల్లిపాయలు ఒలిసిన.
రెండో నీళ్లకు ఒక మూల కదిలింది,
బియ్యం నానబెట్టిన.
బయట వాన మొదలైంది, కరెంటు పోయి వచ్చింది.
మూడోసారి బొటనవేలుతో ఒత్తి చూస్తె
లోపల ఎముక జరిగింది,
నిద్రల పక్కకు ఒత్తిగిలినట్టు.

అప్పుడు ఫోను.
"అండాలూ, మెహదీపట్నం కాడ మోకాళ్ల నీళ్లు.
ఆటో అతను వాపస్ తిప్పిండు.
మాఫ్ కర్ దే."
ఇంకేదో అన్నది, వానల వినపడలే.

మల్సూర్ నెమ్మదిగ అన్నడు:
"మళ్ల ఫ్రీజర్ల ఎయ్యి. వచ్చే ఐతారం వస్తది గద."
ఎయ్యను.
నీళ్లల్ల కరిగినంక ఎంటనే వండాలె,
పచ్చిది మళ్ల గడ్డ కట్టియ్యొద్దు.
గొంతు కొంచెం పెద్దగైనట్టుంది.
మాంసం గురించే అంటున్న అనుకున్నడు.
నేను గూడ.

కవర్ కోసిన. కుండల ఏసిన.
ఆమె రాత కాడికి కత్తిరించి దాద్దామని
కత్తెర పట్టుకున్న ఒక నిమిషం.
పచ్చి నెత్తురు అంటిన ప్లాస్టిక్ దాస్తె
నా ఉద్యోగానికే సిగ్గు.
చెత్తబుట్టల ఏసిన.
కత్తి, పీట, సింకు, చేతులు,
సబ్బుతోని, రెండుసార్లు.

పసుపు, పెరుగు, ఆమె చెప్పినట్టే చివరికి పుదీన.
కుక్కర్ ఆరు కూతలు కూసింది.
వాసన అలవాటు కొద్ది మెట్లెక్కి
పై తలుపు కాడ నిలబడ్డట్టుంది,
వాచ్‌మన్ సాంబయ్య కిందికి తొంగిచూసి
"ఏం వండిండ్రు?" అన్నడు.
అతనికి గిన్నె నిండ పెట్టిన.

మేము తిన్నం.
ముక్క మెత్తగ ఉన్నది.
ఇంకెవరన్న ఉంటె ఉప్పు తక్కువ అందురు.

మిగిలినదాన్ని స్టీలు డబ్బల పోసి
ఆవిరి పోంగనే మూత పెట్టి కింది అరల పెట్టిన.
రేపు పొద్దున మల్సూర్ బండి మీద, టోలిచౌకి.
మంచిగ పొంగేదాక కాచుకొని తినుమని
ఆమెకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాలె.
రేపంటె మరిచిపోత.